అందని కర్ర

కోలాటం నూకరాజు మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. అడిగినవాళ్ళ చేతిలో ఒక జత కర్రలు పెట్టి "పద" అంటారు. ఆరేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటున్న హైమకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా నోరు ఊరుకోదు కదా.

ఆ మంగళవారం మాస్టారి కోలాటం షెడ్డుకి వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందరిదీ ఒకటే జబ్బు, పార్కిన్సన్స్. చేతులు వణుకుతాయి, కాళ్ళు చెప్పాపెట్టకుండా సమ్మెకి దిగుతాయి. వాళ్ళకి వైద్యం చేసే డాక్టరమ్మే, మందులతో పాటు ఇదీ చెయ్యండని పంపుతోంది. మాస్టారు గుమ్మంలో నిలబడి "మాత్ర వేసుకున్నారా?" అని ఒక్కొక్కరినీ అడిగి, ఔనన్నాకే కర్రలిస్తారు.

"ఈ కర్రలాటతో ఆ జబ్బు తగ్గుతుందంటారా మాస్టారూ?" అంది హైమ.

మాస్టారు ఆమె చేతిలో కర్రలు పెట్టి, అప్పలనాయుడి ఎదుట నిలబెట్టారు.

అప్పలనాయుడు రిటైరైన లైన్‌మన్. అంతకుముందే షెడ్డు గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోతే, భార్య తవుడమ్మ పట్టుకుని దాటించింది. అలాంటి మనిషి, తాళం మొదలై ఎదుటి కర్ర తన కర్రకి 'టక్'మని తగలగానే అడుగు తీసి అడుగు వేశాడు. రెండో చుట్టుకి నవ్వుతున్నాడు కూడా.

హైమకి అనుమానం వచ్చింది. గుమ్మంలో కదలని కాళ్ళు ఇక్కడ ఇంత బాగా ఎలా ఆడుతున్నాయి? ముసలాయన పెళ్ళాం చేత ముద్దు చేయించుకోవడానికి నాటకాలాడుతున్నాడా? కోలాటం జట్లలో కొత్తవాళ్ళని ఏడిపించే చిలిపి పని ఒకటుంది. దెబ్బ పడే క్షణంలో కర్ర వెనక్కి లాగేసుకోవడం. ఎదుటివాళ్ళ కర్ర గాలిని కొడుతుంది, అందరూ నవ్వుతారు, ఆట సాగిపోతుంది. హైమ తన మొదటి ఏడాదంతా అలా గాలిని కొట్టినదే.

నాలుగో చుట్టులో ఆమె కర్ర లాగేసింది.

అప్పలనాయుడి కర్ర ముందుకి పోయింది. దాని వెనక చెయ్యి పోయింది, భుజం పోయింది, కాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

చివరికి నవ్వింది ఆయనే. "ఏటి పాపా, కరెంటు తీసీసావేటి?" అన్నాడు మోకాలు పట్టుకుని. వెంటనే భార్య వైపు తిరిగి, "నానే తాళం తప్పేను. పిల్లదాన్ని ఏటీ అనకు."

తవుడమ్మ పిల్లదాన్ని వదిలి కర్రల మీద పడింది. "ఈ కర్రలొద్దు, ఈ గెంతుళ్ళొద్దు. ఇంట్లో కూకుందాం పద," అని ఆయన్ని లేపింది. హైమ నోరు తెరిచింది. ఊళ్ళో అందరికీ ఎదురు చెప్పే ఆ నోట్లోంచి 'కర్ర నేనే లాగాను' అన్న ఒక్క ముక్కా రాలేదు. మాస్టారు ఆమె కర్ర కోసం చూశారు. అది ఆమె వీపు వెనక ఉంది. ఆయన వెళ్ళి మిగతావాళ్ళకి మళ్ళీ తాళం అందుకున్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాతి మంగళవారం పదిమందే వచ్చారు. ఆ ఖాళీ చోటు వైపు చూడకుండా ఆడదామనుకుంది హైమ. కానీ గుండ్రంగా తిరిగేవాళ్ళు ప్రతి చుట్టుకీ అక్కడికే వస్తారు. ఆట మధ్యలోనే రెండు జతల కర్రలు చంకన పెట్టుకుని బయల్దేరింది.

రైల్వే గేటు అవతల ఆ ఇల్లు. వీధి తలుపులో అప్పలనాయుడు గడప దాటలేక నిలబడి ఉన్నాడు. అరుగు మీద కుర్చీ నాలుగడుగుల దూరం. వెనకనుంచి తవుడమ్మ ఆయన్ని తోస్తోంది. ఆవిడ నడుముకి డాక్టర్లిచ్చే పట్టీ ఒకటి బిగించి ఉంది. హైమ దాన్ని ఇంతకుముందు చూడలేదు.

"ఆరోజు కర్ర నేనే లాగేశాను తాతగారూ," అంది గడప వైపు చూస్తూ. "కావాలనే. మీరు నాటకమాడుతున్నారేమోనని."

"తెలుసమ్మా. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కినోణ్ణి. లైను ఎక్కడ తెగిందో నాకు తెలీదేటి?"

"నాటకమా?" అంది తవుడమ్మ. "రా, ఓ పూట నువ్వు తొయ్యి. తెలుస్తాది."

హైమకి అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. కానీ దిగిపోతే కర్ర ఎవరు పడతారు? ఒక జత ఆయనకి అందించి, గడపకి ఇవతల నిలబడి తన కర్ర చాచింది. సిగ్గుతో ఆ చెయ్యి గడగడా వణుకుతోంది.

"నీకూ వచ్చిందేటి?" అన్నాడు అప్పలనాయుడు. "నిదానంగా కానీ. ఆగడం నాకు అలవాటే."

టక్. టక్. మూడో దెబ్బకి ఆయన కుడికాలు గడప దాటింది. కుర్చీ దాకా హైమ కర్ర ఒక్కసారీ వెనక్కి పోలేదు. తవుడమ్మ చేతులు గాల్లోనే ఉండిపోయాయి, పట్టుకోవడానికి ఎదురుగా మనిషి లేక.

"వచ్చే మంగళారం ఈ పిల్లే వచ్చి తీసుకెళ్ళాలి," అందావిడ, ఇంకా కోపంగానే.

హైమ తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ అయింది. మాస్టారు కూర్చుని కర్రలు గుడ్డతో తుడుస్తున్నారు.

"మాస్టారూ, ఆ జబ్బు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"దాని సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది," అన్నారు మాస్టారు తలెత్తకుండానే. "కర్ర అందిందా?"