ఎస్తేరు కోరిన పాత్ర

సంజీవయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు అక్కడికక్కడే దొరకదు. "పదమ్మా, చూద్దాం" అంటూ చెప్పులేసుకుంటారు. ముప్పై ఏళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ ఆయనకు అబ్బిన అలవాటది.

ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకోవాలని బీఎడ్ కాలేజీ నుంచి వచ్చిన హైమవతి ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. "కథలతో పిల్లలకు న్యాయం నేర్పడమెలా మాస్టారూ? నేను నేర్పబోయి ఒక పిల్లను క్లాసుకే దూరం చేశాను."

జరిగింది ఇదీ. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఒక కథ ఉంది. అందులో ఊరివాళ్లు ఒక అమ్మాయిని బిందె ముట్టనివ్వరు. దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోస్తారు. పాత్రలు పంచి చదివించడం హైమవతి పద్ధతి. ఆ క్లాసులో దళితవాడ నుంచి వచ్చేది ఎస్తేరు ఒక్కతే. దోసిలి పట్టే పాత్రను ఏరికోరి ఆ పిల్లకే ఇచ్చి, "నీకైతే ఆ బాధ తెలుస్తుంది" అంది. పాపం, మంచి మనసుతోనే అంది. క్లాసంతా వెనక్కి తిరిగి ఎస్తేరును చూసింది. ఎస్తేరు ఒక్క తప్పు లేకుండా చదివి కూర్చుంది. మర్నాటి నుంచి ఇంగ్లీషు పీరియడ్ రాగానే లేచి వెళ్లి లైబ్రరీ వరండాలో కూర్చుంటోంది.

మాస్టారు హైమవతిని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లారు. బుజ్జగించలేదు, నీతులూ చెప్పలేదు.

"ఆ కథ మళ్లీ చదివిద్దామనుకుంటున్నాం. నీకే పాత్ర కావాలమ్మా?"

ఎస్తేరు తలెత్తి ఆయన వైపు చూసింది. "ఏదడిగినా ఇస్తారా సార్?"

"ఇస్తాం."

"కథ చెప్పే మనిషిని నేనవుతా."

మర్నాడు క్లాసులో మిగతా పాత్రలకు చేతులు లేచాయి గానీ, దోసిలి పట్టే అమ్మాయి పాత్రకు ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి హైమవతే పుస్తకం తీసుకుని ముందుకొచ్చింది. ఎస్తేరు గొంతు గది చివరిదాకా వినబడింది. నీళ్లు ఎవరు పోశారో, ఎవరు నవ్వారో, ఎవరు చూసీ ఊరుకున్నారో, అందరి సంగతీ నిదానంగా చదువుకుంటూ పోయింది. దోసిలి పట్టే అమ్మాయిగా నిలబడ్డ హైమవతికి తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. గంట కొట్టినా ఎస్తేరు ఆపలేదు, పిల్లలూ లేవలేదు.

బయటికొచ్చాక హైమవతి కళ్లు తుడుచుకుని అడిగింది. "రేపు బి సెక్షన్‌లోనూ ఇదే కథ మాస్టారూ. ఆ అమ్మాయి పాత్ర ఎవరికివ్వమంటారు?"

మాస్టారు ఆమె వైపు వింతగా చూశారు.

"పిల్లలుండగా అది నన్నడుగుతావేమిటమ్మా?"