ఏదుపంది కొట్టేసిన ప్రశ్నలు

ఏమండీ, నోట్లో పుండు ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి మీ పిల్లలు ఏ పొదలో పడుకుంటారో ఎవరికైనా ఎందుకు కావాలి? చెప్పండి. కాస్త ఆలోచించుకుని చెప్పినా పరవాలేదు. బొల్లికొండ అడవిలో ఈ మాట అడగడానికి ఒక చెవులపిల్లి పుట్టాల్సి వచ్చింది. ఆమె అడిగేలోపు పదకొండు జంతువులు ఆలోచించకుండానే జవాబు చెప్పేశాయి.

బొల్లికొండ కింద నీళ్ళకు మూడే చోట్లు. కొండ దిగి వచ్చే వాగు, వాగుకు ఇవతల కుంట, ఇసుకలో గోకితే ఊరే చెలమ. ఆ ఏడు తొలకరి పడిన వారానికి రోగం మొదలైంది. నాలుక మీద పొక్కులు, మూతి వాపు, నోటి వెంట చొంగ. పచ్చిక మోకాళ్ళ ఎత్తున పెరిగి ఉంది, కొరకడానికి నోరు లేదు. కళ్ళ ముందు మేత పెట్టుకుని రెండు జింకపిల్లలు ఆకలితో పోయాయి.

అడవికి పెద్ద అయిన దున్నతాత అప్పుడు ఏదుపందిని పిలిపించాడు. చిన్నా పెద్దా అందరూ ఆమెను ఏదక్క అంటారు. మిగతా జంతువులకు ఆకంటే మేత. ఏదక్కకు మాత్రం మేతా అదే, పలకా అదే. మోదుగాకు పరుచుకుని, రాలిన తన ముల్లుతోనే గీతలు గీసి, చూసిందీ విన్నదీ దాచుకునేది. రోగం నీళ్ళ వల్లే వస్తోందని దున్నతాత అనుమానం. మూడింటిలో ఏ నీళ్ళో తేలితే చాలు, మిగతా పని తన కొమ్ములు చూసుకుంటాయన్నాడు. పది రోజులు గడువిచ్చాడు.

ఏదక్క మనసులో ఒక పాత గాయం ఉంది. నిరుడు ఇప్పపూలు ముందే ఎందుకు రాలాయో చెప్పడానికి ఆమె సభలో నిలబడితే, కొండముచ్చు లేచి ఆ వారం గాలి ఎటువైపు నుంచి వీచిందని అడిగాడు. అది ఆమె రాసుకోలేదు. అంతే, సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఏడాదిగా ఆమె ముళ్ళ కిందే గుచ్చుకుంటోంది. ఈసారి ఎవరు ఏది అడిగినా అది తన ఆకులో ఉండి తీరాలనుకుంది.

సరిగ్గా ఆ సందులోంచే నక్క దూరాడు.

"పెద్ద పనే నెత్తిన పెట్టుకున్నావు వదినా. ఏమేం అడుగుతున్నావేంటి?"

"ఏ నీళ్ళు తాగారు, పుండు వచ్చిందా రాలేదా."

"అంతేనా?" అన్నాడు నక్క, జాలిగా. "పడుకునే చోటును బట్టి వస్తుందేమో. మేతకు వెళ్ళే వేళను బట్టి వస్తుందేమో. ఇంట్లో పిల్లలెందరుంటే అందరికీ అంటుతుందేమో. కాలు బాగోలేనివాళ్ళకే ముందు వస్తుందేమో. రేపు కొండముచ్చు మళ్ళీ లేస్తే మళ్ళీ తల దించుకుంటావా?"

"నిజమే మరిదీ," అంది ఏదక్క. " ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది."

"చదువంటే అదీ," అన్నాడు నక్క. పచ్చి ఆకు ముడుచుకుపోతుంది కాబట్టి రోజూ బండ మీద ఎండబెడతానని, గాలికి పోకుండా పక్కనే కూర్చుంటానని మాటిచ్చాడు. ఏ గీతకు ఏ అర్థమో తెలిస్తే వరసగా పేరుస్తానన్నాడు. తన గీతల మీద అంత శ్రద్ధ చూపినవాడు అడవిలో ఇంకొకడు లేడు. ఏదక్క మురిసిపోయి, అరపూటలో అన్నీ నేర్పేసింది.

మర్నాటి నుంచి తలకొక ఆకు. పేరేమిటి, పొద ఎక్కడ, పిల్లలెందరు, వాళ్ళను వదిలి ఎప్పుడు బయటికి వెళతావు, పరుగెత్తడానికి ఏ కాలు ఇబ్బంది, ఆ తర్వాతెప్పుడో, ఏ నీళ్ళు, పుండు ఉందా. రోగం భయంలో ఉన్నవాళ్ళు అడిగిందల్లా చెప్పారు. అడిగేది ఏదక్క కదా అని కూడా చెప్పారు. నీడను చూసినా ఉలిక్కిపడే కౌజు పిట్ట అయితే చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరికి వచ్చి, గూడు ఎక్కడుందో గుసగుసగా చెప్పింది. ఏదక్క శ్రద్ధగా గీసుకుంది.

నాలుగో రోజు కౌజు గూట్లో గుడ్లు లేవు. అయిదింటికి అయిదూ పోయాయి. పామేమో అన్నారు అందరూ. ఏదక్క కూడా అయ్యో అనుకుని, పన్నెండో ఆకు తీసింది.

ఆ మధ్యాహ్నం చెవులపిల్లి వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చిందేమో, డొక్కలు ఎగిరిపడుతున్నాయి.

"ఏదక్కా, మా ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి నోళ్ళు పూశాయి. రెండు రోజులుగా గడ్డిపరక ముట్టలేదు. ఏ నీళ్ళు మాన్పించాలో చెప్పు, నీ కాళ్ళు మొక్కుతా."

"చెప్పడానికే కదమ్మా ఈ తిప్పలన్నీ. కూర్చో. పొద ఎక్కడ?"

"వాళ్ళిద్దరూ కుంటలో తాగారు. మూడోవాడు చెలమ నీళ్ళే తాగాడు, వాడికేం కాలేదు."

"అది తర్వాత. ముందు పొద ఎక్కడో చెప్పు."

చెవులపిల్లి చెవులు రెండూ వెనక్కి వాలాయి. "పుండు నోటికి వచ్చిందక్కా. పొదకు రాలేదు."

ఏదక్క ముళ్ళు ఒక్కసారిగా లేచాయి. తనకంటే పెద్దపెద్దవాళ్ళు కిక్కురుమనకుండా చెప్పారని, ఒక్కరి కోసం పద్ధతి మార్చడం కుదరదని గట్టిగానే అంది. చెవులపిల్లికి భయం వేసింది. అయినా వెళ్ళిపోలేదు, వెళితే పిల్లల నోళ్ళు మానవు. చెప్పిందా, పిల్లలే మిగలరు.

"పద్ధతి నాకు తెలీదు. ఒక్కటి చెప్పు. నా పొద ఎక్కడో తెలీకపోతే, ఏ నీళ్ళు చెడ్డవో నీకు తెలీకుండా పోతుందా?"

పోతుందని చెప్పడానికి ఏదక్క నోరు తెరిచింది. ముందు ఒకసారి తన ప్రశ్నలు తిరగేసుకుంది. పిల్లలెందరు అన్నది తీసేసి చూసుకుంది. నీళ్ళ సంగతి నీళ్ళ సంగతిలాగే ఉంది. ఎప్పుడు బయటికి వెళతావన్నది తీసేసింది. ఏ కాలు ఇబ్బందన్నదీ తీసేసింది. ఏది తీసినా నీళ్ళ సంగతి చెక్కు చెదరలేదు.

"ఎప్పటికైనా పనికొస్తుందని..." అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఎవరికి?" అంది చెవులపిల్లి.

ఆ మీదట తనే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కౌజు తన గూడు సంగతి సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. చెప్పింది ఏదక్క ఒక్కదానికే. నక్క నాలుగు రోజులుగా బండ దగ్గరే కూర్చుంటున్నాడు, వేటకు పోయింది చూసినవాళ్ళు లేరు. పొట్ట మాత్రం నిగనిగలాడుతోంది.

ఏదక్క బొరియలో పేర్చి ఉన్న పదకొండు ఆకుల వైపు చూసింది. అంతవరకూ అవి తన కష్టంలా కనిపించాయి. ఇప్పుడు పదకొండు ఇళ్ళకు వేసిన దారుల్లా కనిపించాయి.

"నేను ఎవరికీ కీడు తలపెట్టి రాయలేదే," అంది.

చెవులపిల్లి దగ్గరగా జరిగి, ముళ్ళు గుచ్చుకోనంత దూరంలో కూర్చుంది. "తెలుసక్కా. అందుకే నీ దగ్గరికే వచ్చాను."

ఏదక్క చాలాసేపు ఆలోచించింది. ఆకుల్ని రాతి కింద దాచవచ్చు, ఇంకో కాపలాదారును పెట్టవచ్చు. కానీ మొదటి కాపలాదారును ఏరికోరి పెట్టుకున్నదీ తనే. ఆకులో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి కంట పడుతుంది. ఆకులో లేనిదాన్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఆమె లేచి మూడంటే మూడు కొత్త ఆకులు తెచ్చింది. వాగుకు మోదుగాకు, కుంటకు టేకాకు, చెలమకు తునికాకు. పుండు వచ్చినవాళ్ళకు ఆకు నడిమి ఈనెకు ఎడమవైపు ముల్లుతో ఒక పోటు, రానివాళ్ళకు కుడివైపు ఒక పోటు. ఆ పోటు ఎవరిదో ఎక్కడా గుర్తు పెట్టలేదు. చెవులపిల్లి పిల్లలవి టేకాకు మీద ఎడమవైపు రెండు, తునికాకు మీద కుడివైపు ఒకటి పడ్డాయి. తర్వాత పాత ఆకులు ఒక్కొక్కటీ తీసి, నీళ్ళ సంగతి కొత్త ఆకులోకి పొడిచి, పాతదాన్ని నమిలి మింగేసింది. ఎండిన ఆకు, గొంతు గీరుకుపోయింది. అయినా మింగింది.

కౌజు ఆకు ఒక్కటి మిగిలింది. దాన్ని నోట కరుచుకుని కౌజు దగ్గరికే వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తన తప్పేనంది. కౌజు ఆ ఆకు మీది గీతల వైపు చూసింది.

"మింగెయ్," అంది. "ఇంకెవరూ చదవకుండా."

మిగతా పదిమంది ఇళ్ళకూ ఏదక్కే స్వయంగా వెళ్ళింది. నక్క మీ పొద సంగతి చదివేశాడు, ఇవాళే మారిపొమ్మని చెప్పింది. కొందరు తిట్టారు. పడింది. ఆ తర్వాత కొత్త పద్ధతిలో తిరగడం మొదలుపెడితే ఒక వింత జరిగింది. అంతవరకూ ఆమెను చూసి పొదల్లోకి జారుకున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అడిగేది రెండు ముక్కలు, చెప్పేది రెండు ముక్కలు. మొత్తం ముప్ఫై ఆరు పోట్లు పడ్డాయి.

ఈ నాలుగు రోజులూ ఆకులన్నీ ఒక్కసారే ఎండబెడదామని ఆమె నక్కను వాయిదాల మీద తిప్పింది. తొమ్మిదో రోజు పొద్దున్నే అతను ఆగలేక వచ్చాడు. చదివిన పొదలన్నీ ఖాళీ అయిపోయాయి మరి, ఆకలి మీదున్నాడు.

"ఎంతవరకు వచ్చింది వదినా?"

"పూర్తయింది మరిదీ," అంది ఏదక్క, తీగతో కట్టిన ఆకుల చుట్టను బొరియ ముందు పెట్టి. "ముప్ఫై ఆరుమందిదీ ఇందులోనే ఉంది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆమె బొరియ ఊడ్చుకోవడానికి అటు తిరిగిందో లేదో, చుట్ట మాయమైంది. ఏదక్క వెంటపడలేదు.

నక్క రొప్పుకుంటూ కుంట గట్టు దాకా పరుగెత్తి, అక్కడ తీగ తెంపాడు. మూడు ఆకులు, వాటి నిండా చిల్లులు. తిప్పి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు, వాసన కూడా చూశాడు. పొద లేదు, పిల్ల లేదు, కుంటికాలు లేదు. పళ్ళు కొరుక్కుంటూ ఆకుల్ని బురదలో విసిరేశాడు. పరుగెత్తిన దప్పికకు వంగి, కుంట నీళ్ళు కడుపు నిండా తాగాడు.

పదో రోజు సభలో ఏదక్క వట్టి చేతులతోనే నిలబడింది. చెప్పాల్సింది తలలో పట్టేంత చిన్నది. కుంటలో తాగిన పంతొమ్మిదిమందిలో పదిహేడుమందికి పుళ్ళు. వాగులో తాగిన పదిమందిలో ఒకరికి. చెలమలో తాగిన ఏడుగురిలో ఒక్కరికీ లేదు.

కొండముచ్చు లేచాడు. "ఆ పదిహేడుమంది ఎవరెవరు? ఎక్కడుంటారు?"

"అడగలేదు," అంది ఏదక్క, తల ఎత్తి. "నీళ్ళు చెడ్డవని తేల్చడానికి అవి అక్కర్లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దున్నతాత అప్పటికప్పుడు కుంటలోకి దిగి వెతికాడు. తొలకరి గాలికి ఒక జెముడు చెట్టు విరిగి నీళ్ళలో పడి, తగిలితే పుండు చేసే పాలు కారుస్తూ కుళ్ళుతోంది. కొమ్ములతో దాన్ని గట్టెక్కించి పారేసి, కుంట కడిగినట్టయ్యేదాకా అటు పోవద్దని చాటించాడు. చెలమ నీళ్ళతో చెవులపిల్లి పిల్లలు నాలుగో నాటికి గడ్డి కొరికారు.

ఆ నాలుగో నాడే నక్క చెలమ దగ్గరికి వచ్చాడు. మూతి బూరెలా వాచింది, నోటి వెంట చొంగ, మాట పెగలడం లేదు. అందరూ చూస్తున్నారు. రాయి మీద వాలిన కౌజు అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏ నీళ్ళు తాగావు?" అంది.

నక్క కుంట వైపు తల ఊపాడు. కౌజు పక్కకు జరిగి చెలమకు దారి ఇచ్చింది. పడుకునేది ఎక్కడని అడగలేదు.

అక్కర్లేని ప్రశ్నకు వచ్చిన జవాబు, అక్కర ఉన్న నక్కకే చేరుతుంది.

మీలో సర్వేలకు వెళ్ళేవాళ్ళున్నారు, పరిశోధన కోసం ఊళ్ళు తిరిగి మనుషుల్ని కూర్చోబెట్టి అడిగేవాళ్ళున్నారు. మీ ప్రశ్నల కాగితం ఇప్పుడే బయటికి తీయండి. ఒక్కో ప్రశ్న మీద వేలు పెట్టి, ఇది లేకపోతే నా పని ఆగుతుందా అని చూడండి. ఆగదంటే, కలం తీసి అక్కడికక్కడే కొట్టేయండి.