పులిచింత కాయ పేలిన రోజు

ఒకప్పుడు పులిచింత మొక్క మహా మెతక. కాయ పండితే గింజలు చప్పుడు లేకుండా మొక్క మొదట్లోనే రాలిపోయేవి.

ఆ రోజుల్లో జపాను దేశంలో, ఒక సముద్రపు పల్లెలో కిసా అనే అమ్మాయి ఉండేది. ఆ ఊళ్ళో ఇంటింటికీ ఒక గుర్తు. ఒకరిది కొంగ, ఒకరిది సీతాకోకచిలుక, ఇంకొకరిది వెదురాకు. వాటిని బట్టల మీద, తెరచాపల మీద గుండ్రంగా వేసుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన కిసా వాళ్ళకు మాత్రం గుర్తు లేదు.

ఒకనాడు ఊరిపెద్ద గొన్జా అందరినీ పిలిచాడు.

"సముద్రంలో దొంగలు తిరుగుతున్నారు. ఇకమీదట మన ఇళ్ళ గుర్తున్న పడవకే ఒడ్డుకు లాగే మోకు విసురుతాం!"

ఆ ఒడ్డంతా రాళ్ళే. గాలివానలో మోకు అందకపోతే పడవ ముక్కలైపోతుంది!

కిసా పరుగున కొంగ దగ్గరికి వెళ్ళింది. "కొంగక్కా, మా గుర్తుగా ఉంటావా?"

"అయ్యో, నేను వేరే వాళ్ళింటిదాన్ని కదా!"

సీతాకోకచిలుకా అదే మాట అంది. కిసా ఏడుపుమొహంతో ఒడ్డున ఒక బండమీద కూలబడింది.

"నన్ను గియ్యవూ?" బండ పగులులోంచి సన్నని గొంతు. పులిచింత! హృదయంలాంటి ఆకులు మూడు!

"అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నావే!" కిసా ఎగిరి గంతేసింది. తమ పడవ నీలి తెరచాప మీద మూడు తెల్లని ఆకులు గీసింది. "భలే గుర్తు!" అన్నాడు గొన్జా.

మర్నాడు నాన్న చేపల వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా గాలివాన! కిసా పులిచింత ఉన్న బండ ఎక్కి చూసింది. అదిగో నాన్న పడవ, రాళ్ళ వైపే కొట్టుకొస్తోంది!

బండ కింద గొన్జా అటు తిరిగి మరో పడవను లాగుతున్నాడు.

"తాతా! ఇటు చూడు తాతా!"

ఆ హోరులో ఆమె కేక ఆమెకే వినపడలేదు. దిగి వెళ్ళేంత సమయం లేదు.

పులిచింత కూడా అరిచింది. ఎవరు వింటారు? అంతే, ఊపిరి బిగబట్టింది. కాయలు ఉబ్బాయి, ఉబ్బాయి...

చిట్! పట్! చిటపట!

గింజలు రివ్వున వెళ్ళి గొన్జా చెవికి తగిలాయి.

"ఎవర్రా అది?" గిర్రున తిరిగాడు. ఎదురుగా మూడాకుల తెరచాప!

"కిసా వాళ్ళ పడవ! మోకు విసరండర్రా!"

మోకు నాన్న చేతికి అందింది. అందరూ "హైసా!" అంటూ లాగారు. పడవ ఒడ్డెక్కగానే కిసా నాన్న మెడకు చుట్టుకుపోయింది.

అప్పటినుంచే పండిన పులిచింత కాయను వేలితో ఇలా ముట్టుకుంటే చాలు, చిటపటమని పేలి గింజల్ని దూరంగా విసురుతుంది.