మధ్యమానికి ఇంకో పేరు

భ్రమరాంబగారి వీణ శిష్యుల్లో నా అంత చెవి ఇంకెవరికీ లేదు. సైజులో మాట. వినడం దగ్గరికొస్తే మధ్యమం, పంచమం రెండూ నాకు ఒకే గొంతుతో మాట్లాడే కవలపిల్లలు.

మా గురువుగారి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏడాది నిండిన శిష్యుణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెడతారు. వెనక నుంచి షడ్జం మీటి, ఇంకో స్వరం మీటుతారు. ఆ రెండోది ఏదో చెప్పాలి. చెప్పలేనివాడు వీణకి దణ్ణం పెట్టి ఊరి బస్సెక్కాలి.

తెల్లారితే నా వంతు. ఆ సాయంత్రం వీణ పక్కన పెట్టేసి గురువుగారి దగ్గరికి వెళ్లాను.

"మీరు షడ్జం మీటగానే నాకు నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినబడదండీ," అన్నాను.

గురువుగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు. "అటక మీద చింతపండు కుండ ఉంది సింహాద్రీ. దించుకురా."

పొద్దున ఆ అటక మీదే పాము కుబుసం దొరికింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"పామండీ..."

"వెళ్లిపోయే ఉంటుందిలే. ఉంటే కాస్త జరగమను."

నిచ్చెనెక్కాను. చీకటి. మూల ఏదో గరగరమంది. చెయ్యి చాచాలంటే రాదు. నోరు మాత్రం దానంతటదే, చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట ఎత్తుకుంది.

"పడుకోరా... చిట్టెలుకా..."

కుండతో దిగేసరికి ఆవిడ వీణ ముందున్నారు. రెండు స్వరాలు మీటారు. 'పడుకోరా' దగ్గర ఆగిన గొంతు 'చిట్టెలుకా' అని పైకెగిరే చోటు, అచ్చం అదే.

"పైన నీకు తోడున్నది ఇదేనా?"

"ఇదేనండీ."

"మధ్యమం అంటారు దీన్ని. రేపు వెంట తెచ్చుకో. మిగతావాటికీ ఎవరో ఒక చుట్టం ఉంటారు, వెతుక్కో."

పడుకునే లోపు తెలిసిన పాటలన్నీ తడుముకున్నాను. పంచమం మా నాయనమ్మ హారతి పాటలో దొరికింది.

మర్నాడు గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఊడిపోతున్న సున్నం పెచ్చు తప్ప ఏమీ కనబడదు. వెనక మిగతా శిష్యులంతా చేరారు. షడ్జం మోగింది. రెండోది మోగింది. ఏడాదిగా నేర్చుకున్న పేర్లన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి. పాట మాత్రం పోలేదు.

"చిట్టెలుక," అన్నాను.

వెనక కిసుక్కుమన్నారు. మాలో పెద్దదైన వరాలక్క, "అలాంటి స్వరం ఒకటుందాండీ?" అంది.

"మధ్యమమే," అన్నారు గురువుగారు. "వాళ్లింట్లో దాన్ని అలా పిలుస్తారు." అని తర్వాతి స్వరం మీటారు.

నేనింకా ఇక్కడే ఉన్నాను. తోటి శిష్యులెవరూ ఇప్పుడు మధ్యమం అనరు, చిట్టెలుకే. ఆ రోజు గురువుగారన్న మాటలో ఒక్క పొరపాటు ఉంది. ఇన్నాళ్లూ దిద్దలేకపోయాను.

మా ఇంట్లో అలా పిలిచేది మధ్యమాన్ని కాదు. నన్ను.