గరిటె గేరు

మా వంశంలో తెలివితక్కువవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా కనిపెట్టగలిగేవాళ్ళు మా ఇంట్లో లేరు, అది వేరే సంగతి.

అక్కావాళ్ళ గృహప్రవేశానికి దప్పళం వండి తేవడం మా అమ్మ వంతు. పోయినేడు అక్క అత్తగారు నలుగురిలో, మీ దప్పళంలో ముక్కలో దారి, పులుసో దారి అనేసింది. ఈసారి ఆవిడచేత బాగుందనిపించకపోతే అమ్మకి నిద్రపట్టదు.

మేం రావడానికి బావ తన కొత్త కారు వదిలి వెళ్ళాడు. "గేర్లు అదే మార్చుకుంటుంది మావయ్యా. రాడ్డు 'డి' అక్షరం మీద పెట్టి వదిలెయ్యండి" అన్నాడు. నాన్న లారీలు నడిపి రిటైరైన మనిషి. డిలో పెట్టాడు, వదిలేశాడు. స్టీరింగు కూడా. ఇంకేముంది, కారు మా గడ్డివాములో దూరింది.

బయటికి లాగి రోడ్డెక్కాం. వేగం పుంజుకోగానే నాన్న ఎడమకాలు అలవాటుగా క్లచ్చి తొక్కింది. అక్కడున్నది బ్రేకు. అంతే, కారు ఠక్కున ఆగింది, దప్పళంలోని గుమ్మడిముక్క ఎగిరి అమ్మ ముక్కుపుడక మీద వాలింది.

బావకి ఫోన్ చేస్తే ఎడమకాలికి సెలవిచ్చెయ్యమన్నాడు. వెనక కూర్చున్న డిల్లేశు బాబాయి దిగివచ్చి, ఆ కాలి చెప్పు విప్పి, తువ్వాలు కప్పి, లేపొద్దని మాకు సైగ చేశాడు.

కాలు పడుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. నడిరోడ్డులో గేరు రాడ్డు లాగేసింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. మళ్ళీ ఫోను.

"ఆ చేతికి వేరే పనేదైనా చెప్పండి మావయ్యా" అన్నాడు బావ, ఏడవలేక.

నాన్న పక్క సీట్లో అమ్మ, ఆవిడ ఒళ్ళో దప్పళం గిన్నె, అందులో గరిటె. రాడ్డు తిరిగి డిలో పెట్టి, చేతికి ఆ పనే చెప్పాం. గరిటె ముందుకు తోస్తే ఫస్టు, వెనక్కి లాగితే సెకండు. కారు వెన్నలా పోయింది. లారీ కంటే మెత్తటి గేరని నాన్న మురిశాడు. ముక్క చితక్కుండా వెయ్యమని అమ్మ గొణిగింది.

పంక్తిలో అత్తగారు ఒక ముద్ద తిని, మారు వడ్డించమంది. "ఇంత బాగా ఎలా కలిసింది వదినా?"

"టాప్ గేరులో కలిపాం వదినా" అంది అమ్మ, నిండుగా.

గిన్నె అడుగు కూడా మిగల్లేదు. సాయంత్రం బయల్దేరబోతూ నాన్న ఆ ఖాళీ గిన్నెలోకి చూసి నీరుగారిపోయాడు. గేరుబాక్సు ఎండిపోతే బండి ఎలా నడుస్తుంది? తిని పడుకున్న బావని లేపడమెందుకని, కారుని ఇంటిదాకా తోసుకొచ్చాం. ఏమైందని అడిగినవాళ్ళకి దప్పళం అయిపోయిందని చెప్పాం.

ఎండు గేరుబాక్సుతో నడిపితే ఇంజను పోతుందని అందరిచేతా తోయించింది నేనే. మా ఊళ్ళో కార్లు రిపేరు చేసేది కూడా నేనే.