ఇద్దరు రాజుల దోసిలి

పూర్వం, నది ఎటు పారినా ఎందుకని అడిగే అధికారం ఏ రాజుకూ లేదని లోకం ఇంకా ఒప్పుకొంటున్న కాలంలో, మణివాహిని అనే మహానదికి ఉత్తరతీరాన హేమకూలపురాన్ని శత్రుభయంకరుడైన వీతసేన మహారాజూ, దక్షిణతీరాన శంఖావతీనగరాన్ని దిగంతవిశ్రాంతకీర్తి అయిన ధృతవర్మ మహారాజూ ఏలుతూ ఉండేవారు. ఆ నది నడుమ కాశద్వీపమనే లంక ఒకటి ఉండేది. రెల్లుదుబ్బులు, ఇసుకతిన్నెలు, పుచ్చపాదులు, చేపలు పట్టుకొని బతికే మూడు వందల గుడిసెలు తప్ప అక్కడ మరేమీ లేదు. అయినా ఆ లంక తనది కాదంటే ఆ ఇద్దరు సార్వభౌముల్లో ఒక్కరికీ అన్నం సహించేది కాదు.

వారి తాతలు ఒక కట్టుబాటు చేసి పోయారు. నది ఏటేటా పాయ మారుస్తుంది గనుక, లోతుపాయ ఏ వైపున పారితే ఆ వైపు రాజు వెనక్కి తగ్గాలి. మోకాటిలోతు నీళ్లలో నడిచి రాగలిగిన రాజుదే లంక. రెండు తరాలపాటు ఇది చక్కగా సాగింది. ఒక యేడు వరదలు తీసిన తరువాత చూస్తే, మణివాహిని లంకకు రెండు వైపులా సరిగ్గా మోకాటిలోతునే పారుతున్నది. ఇద్దరూ నడిచి రాగలరు. ఇక ఇద్దరికీ నిద్ర ఎక్కడిది?

ఆ లంక తూర్పుకొసన, సూర్యతేజస్సంపన్నుడు, వేదవేదాంగపారగుడు అయిన శితవ్రత మహాముని తపస్సు చేసుకొంటూ ఉండేవాడు. ఆయన తపస్సు ఎంతటిదో గాని, కోపం మాత్రం ఎప్పుడూ ముక్కుమీదే ఉండేది. పూర్వం మూడుసార్లు శపించి, మూడుసార్లూ పశ్చాత్తాపపడి, ఆ కోపాన్ని జయించడానికే పగటికి అధిపతి అయిన మిత్రుణ్ణీ, రాత్రికి అధిపతి అయిన వరుణుణ్ణీ ఉద్దేశించి పన్నెండు రోజుల మౌనవ్రతం పట్టాడు. ఆ దేవతలిద్దరికీ యజ్ఞంలో వేర్వేరు పాత్రలు ఉండవు. ఒకే పాత్రలో సోమం, ఒకే పిలుపు.

వ్రతంలో నాలుగో రోజున వీతసేనుడు పురోహిత పరివారంతో నీళ్లలో నడిచి వచ్చాడు. తనదైన సొమ్మునే గదా ఎవరైనా దానం చేయగలిగేది, కాబట్టి లంకను ఇంతటి మునికి ధారపోస్తే అది మొదటినుంచీ తనదేనని ముల్లోకాలూ ఒప్పుకొంటాయని పురోహితుడు సలహా చెప్పాడట. ముని మోకాలిపై వెల్లకిలా పెట్టుకొన్న అరచేతిలో బంగారు కలశంతో నీళ్లు పోసి, సంకల్పం చెప్పి, నమస్కరించి వెళ్లిపోయాడు. ముని నోరు విప్పలేడు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏడో రోజున ధృతవర్మ వచ్చాడు. ఆయనకూ ఒక పురోహితుడు ఉన్నాడు మరి! అదే సలహా, అదే అరచేయి, అదే లంక. కలశం మాత్రం వెండిది. రెండోసారి నీళ్లు పడ్డప్పుడు ముని పళ్లు పటపటమని కొరికిన చప్పుడు శిష్యులు దూరంనుంచి విన్నారు.

పన్నెండో రోజుకు రెండు సేనలూ లంకమీద ఉన్నాయి. నేను మునికి దానమిచ్చిన భూమిని నువ్వెలా తొక్కుతావని వీతసేనుడు, నా దానభూమిని కాపాడుకోవడానికి వచ్చానని ధృతవర్మ. కాపాడే పేరిట ఒకరి ఏనుగులు పుచ్చపాదుల్ని తొక్కి పిండి చేశాయి. ఇంకొకరి భటులు చేపలవాళ్ల పడవలన్నీ లాక్కొని గట్టుకు కట్టేశారు. సాయంసంధ్యకు శంఖం ఊదగానే యుద్ధమని ఇరువురూ చాటించారు.

సరిగ్గా మధ్యాహ్నం, వ్రతం ముగిసే ఘడియకు, లంకవాసులకు పెద్దదిక్కైన సైకత అనే, పడవ నడిపే ముసలమ్మ వచ్చి ముని ఎదుట నిలబడింది. ఆమె దండం పెట్టలేదు.

"స్వామీ, మా నేలను మీరు ఒకసారి కాదు, రెండుసార్లు పుచ్చుకొన్నారు. పుచ్చుకొన్నవారికి కాపాడే భారం లేదా?" అని అడిగింది.

ఆ మాట మునికి సూటిగా తగిలింది. రాజులమీద ఎంత కోపం వచ్చిందో తనమీద అంతకు పదింతలు వచ్చింది. ఒక్క వేలు ముడిచి ఆ దానం వద్దని ఉంటే సరిపోయేది గదా ఆ రెండు రోజులూ! వ్రతం పాడవుతుందని, తన పుణ్యం ఎక్కడ తరిగిపోతుందోనని అరచేయి కదపకుండా కూర్చున్న తన నియమం ఆయనకే అసహ్యమనిపించింది. కమండలం చేతబట్టి, జటలు విప్పుకొని, ఎండలో మండుతున్న ఇసుకమీద వట్టి కాళ్లతో రెండు సేనల నడుమకు నడిచాడు. ఏనుగులు వెనక్కి జరిగాయి. రాజులిద్దరూ రథాలు దిగి, చేతులు జోడించి, తపోనిధీ అనీ, మునిపుంగవా అనీ పొగడడం మొదలుపెట్టారు.

"నోరు మూయండి," అన్నాడు ముని. పన్నెండు రోజుల మౌనం తరువాత ఆయన పలికిన మొదటి మాట అదే. "వీతసేనా, నువ్విచ్చిన దానం నిజమైతే ఈ నేల ఇక నీది కాదు, ఇచ్చినదాన్ని మళ్లీ లాక్కొంటున్న దత్తాపహారివి నువ్వు. ఆ దానం అబద్ధమైతే ఈ నేల ఏనాడూ నీది కాదు. పరులసొమ్ము దానం చేసిన దొంగవు నువ్వు. ధృతవర్మా, నీ పక్కచూపులు చాలు, ఇది నీకూ వర్తిస్తుంది. రెండు పాపాల్లో మీకేది కావాలో కోరుకొని నాకు చెప్పండి."

రాజులిద్దరూ ఎవరి పురోహితుడివైపు వారు చూశారు. ఏదో ధర్మసూక్ష్మం ఉందంటూ ఒక పురోహితుడు ముందుకు రాబోయి, ముని తలతిప్పి చూడగానే ఒక గుర్రం చాటుకు పోయాడు. అది చూసి మునికి ఆగ్రహం మిన్నుముట్టింది. కమండలంలోని నీటిని కుడిచేత పట్టి, మంత్రించి, ఏ నేలకోసం ఇంత సిగ్గు విడిచారో ఆ నేల బూడిదై పోవుగాక అని నోట అనబోయాడు.

సైకత ఆయన మణికట్టు పట్టుకొంది.

"బూడిదయ్యేది మా నేల, తండ్రీ. వాళ్లకేం, నీళ్లు దాటి ఇళ్లకు పోతారు," అంది.

ముని శాపవాక్యాన్ని నోటనే ఆపుకొన్నాడు. శాపజలం చేతిలో ఉంది. మంత్రించిన నీటిని కమండలంలోకి తిరిగి పోయడానికి వీల్లేదు, నేలమీదికి జారితే ఆ నేల కాలిపోతుంది. శాపంగా విడవకపోతే దానంగానైనా విడవాలి. లంక ఇప్పుడు తనది, ఇవ్వగలిగేవాడు తానొక్కడే. ఆ క్షణాన ఆయనకు మిత్రావరుణుల ఒకే పాత్ర గుర్తుకొచ్చింది. పన్నెండు రోజులు ఆ దేవతల్ని స్మరించి కూడా ఇంత చిన్న సంగతి తోచనందుకు మళ్లీ తనమీదే కోపం వచ్చింది.

"చేతులు చాపండి," అని గర్జించాడు.

ఇద్దరూ చాపారు. మరుక్షణం ఎవరి చేయి పైన ఉండాలని తగువు వచ్చింది. మా వంశం పెద్దదని ఒకరు, మా వంశం సూర్యుడిదని ఒకరు. ముని ఆ ఇద్దరి నెత్తులూ పగలగొట్టాలన్నంత కోపాన్ని దిగమింగి, వీతసేనుడి కుడిచేతినీ ధృతవర్మ ఎడమచేతినీ పక్కపక్కన చేర్చి, ఒకే దోసిలిగా కట్టి, అందులో ఆ నీటిని వదిలాడు.

"లంకలో సగం ఒకరికీ సగం ఒకరికీ ఇవ్వడం లేదు. మొత్తం ఇద్దరికీ ఇస్తున్నాను. ఉత్తరాయణంలో వీతసేనుడు, దక్షిణాయనంలో ధృతవర్మ ఇక్కడి బాగోగులు చూడాలి. ఇద్దరూ కలిసి, లంకవాసుల ఎదుట, ఈ ఇసుకమీద కూర్చొని చెప్పని ఆజ్ఞ ఆజ్ఞ కాదు. ఆయుధంతో ఇక్కడ అడుగుపెట్టే హక్కు మీ ఇద్దరిలో ఎవరికీ లేదు. ఒక్క చుక్క జారిందా, అది ఎవరి చేతిసందునుంచి జారితే వారి రాజ్యం భస్మమవుతుంది," అన్నాడు.

అప్పుడు చూడాలి ఆ మహారాజుల అవస్థ! జన్మలో ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్లు భుజం భుజం ఆనించి, ఒకరి చిటికెనవేలి కింద ఒకరి చిటికెనవేలు బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎండ వాలింది. చెమట కళ్లలోకి కారింది. వీతసేనుడి మోచేయి వణికితే ధృతవర్మ తన రెండో చేత్తో దాన్ని ఆనించి పట్టాడు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. పగ తీరి కాదు, భయంతోనే పట్టాడు; అయినా పట్టాడు. యుద్ధానికి శంఖం ఊదవలసిన ఘడియ వచ్చి పోయింది. ఊదమని చెప్పే తీరిక ఏ రాజుకూ లేకపోయింది.

పగలూ కాని, రాత్రీ కాని ఆ సంధ్యవేళ, పడమట బంగారు కాంతితో మిత్రుడూ, తూర్పున నీలమేఘచ్ఛాయతో వరుణుడూ దర్శనమిచ్చారు.

"మహామునీ, మేమిద్దరమూ కలిసి ఏలే ఘడియ ఇది. ఆ నీటిని ఎక్కడ విడవాలో చెప్పు," అన్నారు.

ముని సైకతవైపు చూశాడు. ఆమె ఏనుగులు తొక్కిన తన పుచ్చపాదు చూపించింది. ఇద్దరు చక్రవర్తులూ దోసిలి విడవకుండా, ఒకే అడుగుగా పక్కవాటున నడిచి, మోకాళ్లమీద కూలబడి, నలిగిన తీగ మొదట్లో ఆ నీళ్లు పోశారు. వెనకాలే ముని చిరచిరలాడుతూ నడిచాడు. తీగ చివుళ్లు వేసింది. సేనలు ఆయుధాలు దించాయి; పడవలు ఎవరివి వారికి చేరాయి.

దేవతలు ప్రసన్నులై వరం కోరుకొమ్మన్నారు. కోపం పోగొట్టమని అడుగుతాడని శిష్యులందరూ అనుకొన్నారు. వ్రతం పట్టింది అందుకే గదా. ముని రాజుల్ని ఎగాదిగా చూసి, ఈ లంక విషయంలో తన కోపం ఏనాటికీ చల్లారకుండా వరమిమ్మని అడిగాడు. తథాస్తు అన్నారు దేవతలు.

ఆనాటినుంచీ అయనం మారిన ప్రతిసారీ రెండు రాజ్యాల రాజులూ ఆయుధాలు గట్టుమీద వదిలి, నీళ్లలో నడిచి వచ్చి, ఒక చేయి ఒకరిదీ ఒక చేయి ఒకరిదీగా దోసిలి పట్టి లంకనేలకు నీరు పోసేవారట. ఎవరైనా ఒంటరిగా ఏలాలనుకొని బయలుదేరితే, మోకాటిలోతు మణివాహిని కాళ్లు బొబ్బలెక్కేలా కాగిపోయేదట. గట్టు తగువు ఉన్నవారు పొరుగువారిని పక్కన కూర్చోబెట్టుకొని ఈ కథ వింటే మిత్రావరుణుల అనుగ్రహం కలుగుతుంది. ఒంటరిగా విన్నవారికి మాత్రం శితవ్రతుడి కోపమే దక్కుతుంది.