కిటికీ అవతలి కొరమేను

"గురువుగారూ, ఇంటికి దగ్గర్లో కొరమేను పడే చోటు ఒక్కటంటే ఒక్కటి చెప్పండి" అని నాంచారయ్య అడిగేసరికి, మీరావలి గారు లాకుల గట్టు మీద కూర్చుని గొడుగు ఊచ సరిచేసుకుంటున్నారు. ఆయన తలెత్తలేదు.

అది ఎంత పెద్ద ప్రశ్నో గాలం పట్టనివాళ్ళకు చెబితే గాని అర్థం కాదు. గాలం వేసేవాడు తన ఒంట్లో జబ్బు చెబుతాడు, ఇంట్లో గొడవ చెబుతాడు, అడక్కపోయినా అల్లుడి సంగతి చెబుతాడు. చేప పడ్డ చోటు మాత్రం చచ్చినా చెప్పడు. "ఎక్కడ పట్టావయ్యా?" అంటే "నీళ్ళలో" అంటాడు. మరీ నిలదీస్తే ఊరికి ఆ కొసన ఉన్న చెరువు చూపించి, తను ఈ కొసకు పోతాడు. అలాంటి జాతిలో పుట్టి కూడా మీరావలి గారు ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. నలభై ఏళ్ళు కాలవల మీద లస్కరుగా తూములెత్తి, దించి, రిటైరైన మనిషి. తన ఇంటి నుంచి రెండు ఫర్లాంగులు దాటకుండా కొరమేను పట్టి తెచ్చేవారు. ఆయన గాలం కర్ర భుజాన వేసుకోగానే ఇంట్లో చింతపండు నానేసేవారంటే అది గొప్పలకు చెప్పుకున్న మాట కాదు, కళ్ళారా చూసినవాళ్ళున్నారు.

నాంచారయ్య ఆయన శిష్యుడు. కుట్టుమిషను మీద బతికే దర్జీ, చేతిలో పనితనం ఉన్నవాడు. గాలానికి ఎరగా కట్టే రబ్బరు కప్పను గుర్రపుడెక్క ఆకుల మీద అచ్చం బతికున్నదానిలా గెంతించడం మూడేళ్ళలో నేర్చేసుకున్నాడు. అయితే ఒక్కటే జబ్బు. మంచి చేప ఎప్పుడూ దూరంగానే ఉంటుందని అతని నమ్మకం. దూరపు కొండలు నునుపన్నారు గదా, గాలం వాళ్ళకు దూరపు నీళ్ళు లోతు. మోపెడ్ ఎక్కి కొల్లేరు అంచు దాకా పోయేవాడు. వచ్చేటప్పుడు సంచిలో చేప ఉన్నా లేకపోయినా, ఒంటి మీద దుమ్ము మాత్రం నిండుగా ఉండేది.

ఈసారి పోవడం సరదాకు కాదు. అతని భార్య తిరపతమ్మకు నెల కిందట కడుపులో ఆపరేషను జరిగింది. కుట్లు మానాయి గాని, తిండి సయించడం మానేసింది. గ్లాసుడు జావ తాగితే అదే ఆ పూటకు భోజనం. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. పదిహేను రోజుల్లో తిండి పుంజుకోకపోతే మళ్ళీ చేర్చాల్సిందే, ఈ నీరసంలో మళ్ళీ ఏదొచ్చినా తట్టుకుంటుందని చెప్పలేను, అన్నాడు డాక్టరు. అప్పుడు తిరపతమ్మ నోరు తెరిచి అడిగింది ఒక్కటే: "కొరమేను పులుసైతే నాలుగు ముద్దలు తింటానేమో." నాంచారయ్య పరుగున పోయి బజార్లో కొన్నాడు. అది పెంపకపు చెరువు చేప. మొదటి ముద్దకే ఆమె "మేత వాసనండీ" అని పళ్ళెం పక్కకు జరిపింది. ఆ మర్నాటి నుంచి కాలవ చేప కోసం అతను పట్టిన దీక్షకు ఇది పన్నెండో రోజు. పక్కింటి కనకమ్మ జావ కాచి ఇస్తోంది. ఇతను తెల్లారగట్ల పోతాడు, ఎండ నెత్తికెక్కాక వస్తాడు, సాయంత్రం మళ్ళీ పోతాడు. పన్నెండు రోజులకూ కలిపి పడినవి రెండు జెల్ల చేపలు, ఒక పాత చెప్పు.

"నవ్వులాట కాదు గురువుగారూ, ప్రాణం మీదికొచ్చింది" అన్నాడు.

మీరావలి గారు గొడుగు పక్కన పెట్టి, చొక్కా తొడుక్కుని లేచారు. "పద, అమ్మాయిని చూసొద్దాం."

నాంచారయ్యకు ఒళ్ళు మండింది. చేప ఎక్కడుందిరా దేవుడా అని వస్తే పరామర్శకు బయల్దేరాడేంటీ ముసలాయన, అనుకున్నాడు. కానీ గురువు, పైగా పెద్దమనిషి. వెంట నడిచాడు.

గాలి ఆడుతుందని తిరపతమ్మ మంచం వెనక గది కిటికీ పక్కన వేశారు. కిటికీ అవతల పదడుగుల్లో పొలాల నీళ్ళు దిగే మురుగు కాలవ, దాని నిండా గుర్రపుడెక్క, అక్కడక్కడా నల్లటి నీళ్ళు. మీరావలి గారు ముక్కాలి పీట లాక్కుని మంచం దగ్గర కూర్చున్నారు. ఎలా ఉందమ్మా అని అడగలేదు. ఆ మాట ఆమెను నెల రోజులుగా ఊరంతా అడుగుతూనే ఉంది.

"ఈ కిటికీలోంచి ఏం కనబడుద్దమ్మా?" అన్నారు.

తిరపతమ్మ ఆయన వంక వింతగా చూసింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఏముంది బాబాయ్ గారూ, కాలవే. అదుగో, ఆ డెక్క చీలిన చోట ఒకటుంది. పొద్దున ఎండ ఆ ఎదుటి గోడ అంచుకి రాగానే పైకొచ్చి గుబుక్కున గాలి మింగి పోద్ది. కాసేపాగి మళ్ళీ వస్తది. పెద్దదే. కనకమ్మ బాతుపిల్లలు రెండు పోతే అంతా పిల్లి మీదికి తోశారు. పిల్లి కాదు, ఇదే. నేను చూశాను. ఇంకొకటి దిగువన ఉంది, ఎర్రటి పిల్లల్ని బంతిలా చుట్టూ వేసుకుని తిరుగుతోంది. దాని జోలికి మాత్రం ఎవరూ పోకండి. తల్లిని పట్టుకుంటే ఆ పిల్లల్ని సాయంత్రానికల్లా జెల్లలు మింగేస్తయ్యి."

మీరావలి గారు చేతులు జోడించినంత పని చేశారు. "నలభై ఏళ్ళు గట్టు మీద తిరిగినా ఇంత వివరంగా చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నారు. ఆయన ఊరికే మెచ్చుకునే రకం కాదు.

నాంచారయ్య నిలువుగుడ్లేసుకు చూస్తున్నాడు. కొల్లేరు దాకా పెట్రోలు పోసుకు తిరిగింది ఈ కాలవను ఇంటి వెనకే పెట్టుకునా! "మరి నాతో చెప్పలేదేమే?"

"ఏ పూట కూర్చున్నారని చెప్పను?" అంది తిరపతమ్మ. కోపంగా అనలేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది.

కర్ర అందుకున్నాడు. మీరావలి గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఎండ ఇంకా గోడ మీదికి రాలేదు గదా. అమ్మాయి చెప్పినప్పుడు పోదువు గాని."

"అందాకా?"

"అందాకా కూర్చో."

కూర్చున్నాడు. పన్నెండు రోజుల్లో ఆ మంచం పట్టె మీద అతను కూర్చోవడం అదే మొదలు. సూది గుచ్చిన చోట ఆమె చెయ్యి పసుపుపచ్చగా కమిలి ఉంది. అది ఇంకా మానలేదని అతనికి తెలియదు. చెయ్యి పట్టుకుని ఏం మాట్లాడాలో తోచక, కొల్లేరు గట్టున గేదె తరిమితే కర్ర వదిలేసి తుమ్మచెట్టు ఎక్కిన సంగతి చెప్పాడు. ముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో కూడా చెప్పాడు. తిరపతమ్మ కుట్ల మీద చెయ్యి ఒత్తిపెట్టుకుని, "అయ్యో, నవ్వించకండి, నొప్పెడతంది" అంటూనే నవ్వింది. మీరావలి గారు ఏమీ విననట్టు కాలవ వంక చూస్తూ కూర్చున్నారు.

"లేవండి, ఎండొచ్చింది" అంది కాసేపటికి.

నాంచారయ్య బయటికి పోయి కిటికీ కింద నిలబడ్డాడు. కప్పను విసరబోయాడు. "ఇప్పుడు కాదు" అంది లోపలి నుంచి. ఆగాడు. "ఇంకాస్త కుడికి జరగండి, మీ నీడ పడతంది." జరిగాడు. నీళ్ళు గుబుక్కుమన్నాయి. "ఆఁ, ఇప్పుడు!" రబ్బరు కప్ప డెక్క మీద పడి, రెండు గెంతులు గెంతి, నీళ్ళలోకి జారిందో లేదో, కాలవ పగిలినట్టు ఒక చప్పుడు. కర్ర విల్లులా వంగింది. నల్లటి వీపు ఒక్కసారి కనబడింది. మూడు కిలోలకు తగ్గదు.

అప్పుడు మీరావలి గారు చూసింది నాంచారయ్యను కాదు, చేపనూ కాదు. నెల రోజులుగా ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెడితే గాని లేవని తిరపతమ్మ, కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని తనంతట తానే లేచి కూర్చుంది. "లాగకండి! తెగుద్ది! కాస్త వదలండి... అబ్బ, వదలమంటే వినరే! డెక్క కిందికి పోనియ్యకండి! ఇటు, ఇటు!" అని కేకలేస్తోంది. మొహం ఎర్రబడింది. గొంతు వీధి దాకా వినిపించి, కనకమ్మ జావ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

చేప డెక్క కిందికి దూరింది. నాంచారయ్య కంగారులో బలం కొద్దీ గుంజాడు. ఉత్త కప్ప గాల్లోకి లేచి వచ్చి అతని భుజం మీద పడింది. కాలవ మళ్ళీ ఏమీ ఎరగనట్టు సర్దుకుంది.

అతను గట్టు మీద కూలబడిపోయాడు. నలభై రెండేళ్ళ మనిషి, కనకమ్మ ముందు సిగ్గుపడకుండా ఏడ్చాడు. "ఆడమనిషి నోరు తెరిచి ఒక్క చేప అడిగితే తెచ్చిపెట్టలేకపోయాను. ఎందుకివి, చేతులేనా ఇవి!"

"ఏవండీ" అంది తిరపతమ్మ ఆయాసపడుతూ కిటికీలోంచి. "లోపలికి రండి. అరిచి అరిచి నా ప్రాణం పోయింది, ఆకలేస్తంది. ఇంట్లో ఏముంది?"

కనకమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఇంట్లో ఉన్నది అతని కోసం ఆవిడే పొద్దున వార్చిపెట్టిన అన్నం, కాస్త చింతచిగురు పప్పు. నాంచారయ్య చెయ్యి కడుక్కొచ్చి, మంచం మీద కూర్చుని, మెత్తగా కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టాడు. ఆమె తిన్నది. "ఉప్పు తక్కువైంది" అన్నది. ఉప్పు వేస్తే మళ్ళీ తిన్నది. గిన్నె అడుగు కనిపించాక గాని చాలనలేదు. తర్వాత అతని భుజానికి తల ఆనించి, తింటూ తింటూ అలిసిపోయిన పసిపిల్లలా నిద్రపోయింది.

ఆమెను మెల్లగా పడుకోబెట్టి నాంచారయ్య గుమ్మం దాకా వచ్చాడు. మీరావలి గారు చెప్పులు వేసుకుంటున్నారు. ఎంతైనా గాలం పట్టినవాడి బుద్ధి పోతుందా? అంత సంతోషంలోనూ అడగకుండా ఉండలేకపోయాడు.

"అంత చేప చేతికొచ్చి జారిపోయింది గురువుగారూ. మళ్ళీ దొరుకుద్దంటారా?"

"చేప ఎక్కడికి పోద్దిరా, రేపూ అక్కడే ఉంటది" అన్నారు మీరావలి గారు. "నువ్వుంటావా?"